పేరు రాసే గడి

సిద్దిపేటలో కంప్యూటరంటే కాశీనాథమే అనుకునే రోజులవి, తొంభై ఆరో తొంభై ఏడో. ఏ మిషను మొరాయించినా ఆయనకే కబురు. ఆ గొప్ప కాస్త నెత్తికెక్కిందని ఇప్పుడు ఆయనే ఒప్పుకుంటాడు.

విశ్వేశ్వర్ డాక్టరుగారి దవాఖానలో రోగుల వివరాలు దాచే ప్రోగ్రాం ఆయనే రాశాడు. అక్కడ పనిచేసేవాళ్లు అందులోకి పోవాలంటే ముందు పేరు, తర్వాత పాస్‌వర్డ్ కొట్టాలి. పేరు గడిలో అక్షరాలు తప్ప మరేదీ పడకుండా కట్టడి చేయవచ్చు. చేయలేదు. మనవాళ్లకు పేరొక్కటే చాలదు కదా! ఇంటిపేరు, ఊరు, మధ్యలో చుక్కలు, గీతలు. దేనికి కోత పెట్టినా అలుగుతారు.

"ఎట్లన్న రాసుకోనియ్యి. పేరుకు అడ్డమేంది?" అని తనలో తనే అనుకున్నాడు. పెద్ద మనసు చూపించానని మురిసిపోయాడు కూడా.

ఆ గడిలో కొట్టినదాన్ని ఆయన ప్రోగ్రాం ఉన్నదున్నట్టు మిషనుకిచ్చే ఆజ్ఞలో అతికించేది. పేరు తర్వాత, ఒక ఆజ్ఞ ముగిసిందని మిషనుకు చెప్పే సెమికోలన్ గుర్తు పెట్టి మరో ఆజ్ఞ రాస్తే, మిషను దాన్నీ నెరవేర్చేది. పాస్‌వర్డ్ అడగకముందే!

ఒక సోమవారం పొద్దున చూస్తే రోగుల ఫైళ్లన్నీ మాయం. మిషను రాసిపెట్టుకున్న చిట్టాలో చివరి పేరు సులోచనది. చేర్యాల నుంచి రోజూ బస్సులో వచ్చి టైపు చేసే అమ్మాయి. పేరు వెనక సెమికోలన్, దాని వెనక అన్నీ చెరిపేయమన్న ఆజ్ఞ. కాశీనాథానికి సంగతి అర్థమైంది. ఆ పేరు ఎవరైనా కొట్టి ఉండవచ్చు. తప్పు తన ప్రోగ్రాంది.

"ఎవరి పేరున్నది కాశీనాథం?" అన్నారు డాక్టరు.

"సులోచన పేరే ఉన్నది సార్."

అబద్ధం కాదు. అంతకన్నా సిగ్గుమాలిన నిజం ఆయన జన్మలో పలకలేదు.

ఆ పూటే అమ్మాయిని పనిలోంచి తీసేశారు. వారం తిరగకముందే కాశీనాథం గుట్టుగా ఆ గడికి కట్టడి పెట్టాడు.

రెండేళ్లు లోలోపల కుమిలి, చివరికి చేర్యాల వెళ్లాడు. సులోచన అరుగు మీద బీడీలు చుడుతోంది. నిలబడే అంతా చెప్పేశాడు. తిడుతుందనుకున్నాడు. తిడితే బాగుండేది.

"నేనే ఏదో మీట తప్పు నొక్కిన అనుకున్న సార్," అన్నది సులోచన. "గందుకే మల్ల ఇంకో ఆఫీసోళ్లు పిలిచినా పోలె."

"డాక్టరు సార్‌కు రేపే చెప్త. నీకు మల్ల కొలువిప్పిస్తనమ్మా."

ఆమె చాటలోని ఆకు చేతిలోకి తీసుకుంది.

"టైపు మర్చిపోయిన సార్."