బ్యాటరీ ఫారం

కంకిపాడు దాటాక, బందరు రోడ్డు పక్కన, ఇష్తియాక్ గారికి కౌజుపిట్టల ఫారం ఉండేది. రేకుల షెడ్డు, మూడంతస్తుల ఇనుప పంజరాలు, వాటిలో రెండు వేల పిట్టలు. భార్య ముబీనా పోయాక ఆ ప్రాంగణంలో మాట్లాడే బాధ్యతంతా పిట్టలే స్వీకరించాయి. మగపిట్టలు తెల్లవారుజాము నుంచే ఒకేసారి అందుకునేవి. వాటిలో ఒక్కటీ ఆయన్ను ఉద్దేశించి అరిచేది కాదు.

1997లో బోర్డు రాయించే శుభకార్యం తలపెట్టారు. ఆయన ఇంట్లో కౌజుపిట్టను బటేర్ అంటారు. పెయింటర్ బాలశౌరికి ‘బటేర్ ఫారం’ అని నోటిమాటగా చెప్పి, దాణా కోసం విజయవాడ వెళ్లారు. తిరిగొచ్చేసరికి నిలువెత్తు ఎర్రటి అక్షరాల్లో ‘బ్యాటరీ ఫారం’ వెలసి ఉంది.

మర్నాడే ఏసుపాదం అనే ట్రాక్టరు డ్రైవరు భుజాన బ్యాటరీతో వచ్చాడు.

“ఛార్జింగ్ ఎంతసేపు పడుద్దండీ?”

“ఇక్కడ పిట్టలండీ.”

ఏసుపాదం లోపలికి తొంగి చూశాడు. “ఇన్ని పిట్టల్ని పెట్టి కరెంటు తీస్తున్నారాండీ?”

విషయం తెలిశాక చాలాసేపు నవ్వాడు. టీ తాగాడు. వాళ్ల అత్తగారి మోకాలి నొప్పి చరిత్ర మొదటి నుంచీ చెప్పాడు. పిట్ట ఒక్కటీ కొనకుండా వెళ్లిపోయాడు. ఆ మధ్యాహ్నం ఇష్తియాక్ గారు అన్నం మారు వడ్డించుకున్నారు.

ఆ నెలలో బ్యాటరీలతో తొమ్మిది మంది వచ్చారు. ప్రతివాడూ దిగేవాడు, అడిగేవాడు, తెల్లబోయేవాడు, కూర్చునేవాడు. అసలు పిట్టల ఖాతాదార్లు మాత్రం మోటార్ సైకిల్ ఇంజను ఆపేవారు కాదు. “రెండు డజన్లండీ, తొందరగా” అన్నంతలోనే వాళ్ల సాహిత్యం ముగిసిపోయేది.

తరవాత విజయవాడ నుంచి సంజీవరావు గారనే హోటలు యజమాని దయచేసి, వారం వారం పిట్టలన్నీ తానే తీసుకుంటానన్నాడు. ఒక్కటే షరతు.

“మీ ఫారం వెతుక్కుంటూ వచ్చి మా వ్యాను మూడుసార్లు దాటిపోయిందండీ. ముందా బోర్డు మార్పించండి సాయిబుగారూ.”

బాలశౌరి సిగ్గుపడి ‘కౌజుపిట్టల ఫారం’ అని రాశాడు. ప్రాయశ్చిత్తంగా పక్కన ఒక పిట్టను కూడా గీశాడు. అది బాతులా వచ్చింది.

వ్యాను శనివారం వచ్చి, పది నిమిషాల్లో ఎత్తుకుని వెళ్లేది. మిగతా ఆరు రోజులూ అక్షరదోషం లేని బోర్డును చదువుకుంటూ బస్సులు, లారీలు సాగిపోయేవి. ఎవరికీ ఏ సందేహమూ లేదు. ఒకనాడు ఏసుపాదం ట్రాక్టరు మీద నుంచే “కొత్త బ్యాటరీ కొన్నానండీ” అని కేకేసి వెళ్లిపోయాడు. ఇష్తియాక్ గారు కాచిన టీ రెండు గ్లాసులూ తానే తాగారు.

నలభై రోజులు చూసి బాలశౌరికి కబురు పెట్టారు.

“పాతదే రాయండి.”

“పాతది తప్పు కదండీ సాయిబుగారూ.”

“తప్పేనండి.”

“హోటలాయన ఊరుకుంటాడా?”

“ఊరుకోకపోతే వచ్చి అడుగుతాడు. కూర్చోబెడతాను.”

బాలశౌరి ఆయన మొహంలోకి ఒకసారి చూసి నిచ్చెనెక్కాడు. మధ్యాహ్నానికి పని ముగించి దిగుతుంటే ఇష్తియాక్ గారు కింద టీ పట్టుకుని నిలబడి ఉన్నారు.

“రెండో కోటు వేయాలేమో?”

“ఎరుపు ఒక్క కోటుకే పడుద్దండీ.”

“వేయండి. మొదటిది ఆరేదాకా కూర్చోండి.”

“ఈ ఎండకి గంటలో ఆరిపోద్దండీ.”

ఇష్తియాక్ గారు ఆకాశం కేసి చూశారు. మబ్బు తునక కూడా లేదు.

“అయితే మూడో కోటు కూడా వేద్దామండీ.”