నా నోటికొక ఆకు

దయ్యాలున్నాయని నేనెప్పుడూ నమ్మలేదు. ఆరో తరగతితో బడి మానేసిన రోజు మా అయ్యవారే అన్నారు: "వీని తలకాయలోకి దయ్యం గూడా దూరదు. ఒక్క పాఠమన్నా దూరింటే గదా దారి పడేది!" ఆ ధైర్యంతోనే ఇన్నాళ్ళూ బతికాను.

ఇది డెబ్బైల చివర్లో, నాకు పెళ్ళయిన ఎండాకాలంలో జరిగింది. నా భార్య సులోచనది పొన్నేరి. తిరుత్తణిలో మా ఇంటికొచ్చి రెండు నెలలైనా ఒక్కసారీ నవ్వలేదు. వీధంతా నా మాటలకు పొట్ట పట్టుకుంటుంటే ఆమె గోడకేసి చూసేది. ఆదివారం రైలెక్కి పుట్టింటికి పోతానంది. మళ్ళీ ఎప్పుడొస్తావంటే పెట్టెలో చీరలు మడిచి పెట్టుకుంది.

అది చూసి మా అక్కా బావా ఆ శుక్రవారం పొద్దున్నే మమ్మల్ని రిజర్వు అడవికి బయల్దేరదీశారు. లోపల ఊట ఒకటుంది, ఎండల్లోనూ ఇంకదు. కొండవార మెత్తని దారి, తుమికి పండ్లు, పెరుగన్నం మూట. నాకైతే ప్రాణం హాయిగా ఉండింది.

అడవి మొదట్లో ఒక బండ. లోపలికి పోయేవాళ్ళు తలా ఒక పచ్చాకు దాని మీద పెట్టి, ఎగిరిపోకుండా రాయి ఉంచాలి. తిరిగొచ్చేటప్పుడు ఎవరి ఆకు వాళ్ళు తీసేయాలి. ఎందరు పోయారో, ఎందరిని వెనక్కి పంపాలో అడవితల్లికి తెలియడానికి. చిన్నప్పుడు అక్కడే మేకలు మేపిన బావ అందరిచేతా కానుగాకు పెట్టించాడు. నేను రెండు పెట్టాను.

"రెండెందుకు బామ్మర్దీ?"

"నాకొకటి, నా నోటికొకటి బావా. రెండూ ఒక చోట నిలిచేవి గాదు గదా!"

"ఆ తల్లి లెక్కతో ఆటలొద్దు" అన్నాడు బావ. సులోచన సరేసరి, చెట్ల వైపు చూస్తోంది.

సగం దారిలో నా చెప్పు వారు తెగింది. మీరు పోతా ఉండండని చెప్పి నీడలో కూర్చున్నాను. తుమ్మముల్లు గుచ్చి వారు బిగించేసరికి చల్లగాలికి కన్ను మూతపడింది. లేచి చూస్తే నీడ జరిగిపోయి మొహాన ఎండ. పరుగెత్తాను.

ఊట కనబడక ముందే ఒక ఆడమనిషి నవ్వు వినిపించింది. ఎవరిదో తెలియలేదు. తెలియడానికి అంతకుముందు విన్నది లేదు కదా.

సులోచన నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని, నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుంటోంది.

"ఇంతసేపూ ఎనకాలే మాట్లాడతా వస్తివి, ఇప్పుడేంరా ఆయాసం?" అంది అక్క.

దారి పొడుగునా వెనక నా గొంతు వినబడిందట. సన్న దారి కాబట్టి ఎవరూ తిరిగి చూడలేదు. పెళ్ళిచూపుల రోజు నా చొక్కా వీపున చిరిగి ఉంటే, వాళ్ళింట్లోంచి వెనక్కి నడుస్తూ బయటికొచ్చాను. అందరూ మర్యాద అనుకున్నారు. ఆ సంగతి చెప్పిందట ఆ గొంతు. సులోచన కాదంటుందేమోనని ఆ రాత్రంతా నిద్రపోలేదనీ చెప్పిందట.

రెండూ నిజమే. కానీ ఏ ఒక్కటీ నేను ఎవరికీ చెప్పలేదు.

నేను కాదని ఒట్టేశాను. అక్క నమ్మలేదు. బావ మాత్రం ముల్లు గుచ్చిన నా చెప్పును తిప్పి చూశాడు. తిరిగొస్తూ బండ దగ్గర నాచేత రెండాకులూ తీయించాడు. ఒకటి ఎండకు వాడిపోయింది. రెండోది తడిగా ఉంది.

ఆదివారం రైలు పోయింది. సులోచన పోలేదు.

కొండ ప్రతిధ్వని అయ్యుంటుందన్నారు కొందరు. అనని మాటకు ప్రతిధ్వని ఉంటుందా? ఆ రోజు వెనక నడిచిందెవరో నాకు ఇప్పటికీ అంతుబట్టలేదు.

ఆ ఆదివారం పుట్టింటికి పోకుండా ఎందుకు ఉండిపోయావని ఒకసారి సులోచననే అడిగాను. చేటలో బియ్యం చెరుగుతూ తలెత్తకుండానే అంది:

"నువ్వే తప్పు జేస్తివి. నోటి ఆకొకటే తీసుకోని, నీ ఆకును ఆడ్నే వదిలేసి వచ్చుంటే ఎంత బాగుండు!"