నా బెల్‌బాటానికి బరంపురం దండం పెట్టిన రోజు

ఆ రోజుల్లో మాకు ఫ్యాషన్ తెలీదని ఇప్పటి కుర్రాళ్లు తేల్చేశారు. చిరుగుల చొక్కా ఒకటి చూపించి, "లిమిటెడ్ ఎడిషన్, తాతగారూ! ఇద్దరు డిజైనర్ల కొలాబరేషన్. అండర్‌గ్రౌండ్ సరుకు, అందరికీ దొరకదు" అని నాకే పాఠం చెబుతారు. దొరకదట! బెల్‌బాటాల కాలంలోనే మా బరంపురంలో ఆ భాగోతమంతా నడిచిపోయింది. (బడి చదువు తక్కువ కాబట్టి నాకా ఇంగ్లీషు పేర్లు తెలీవు గానీ, సరుకు మాత్రం ఒంటిమీద మోశాను.)

మా వీధి దర్జీని స్టైల్ మేస్త్రి అనేవాళ్లం. ఆయన సినిమా బోర్డులు రాసే పెయింటరుతో చెయ్యి కలిపి, కొట్టు వెనక చీకటి గదిలో, తెర దించి, నలుగురంటే నలుగురికే బట్టలు కుట్టాడు. "ఈ మోడలు బొంబాయికి కూడా ఇంకా ఎల్లనేదు. నీ మొహంలో కళ ఉంది కాబట్టి కుడతన్నాను" అన్నాడు. (మిగతా ముగ్గురి మొహాల్లోనూ అదే కళ కనబడిందని తర్వాత తెలిసింది.) చొక్కా సగం పట్టుచీర ముక్కలు, సగం గోనె. ఒక చెయ్యి మణికట్టు దాకా, రెండోది భుజం దగ్గరే ఆఖరు. బెల్‌బాటం నిండా పసుపు మీద నల్ల చారలు, అవీ బోర్డులకి వేసే రంగుతోనే. నడిస్తే అప్పడాలు విరిగినట్టు చప్పుడు. నా ఆత్రమంతా మా మావయ్య కూతురి కోసం. మా ఊరి అమ్మవారు ఠాకురాణి జాతరకి మావయ్యా వాళ్లు చికిటి నుంచి వస్తున్నారు. నన్ను చూసి సరేనంటే సంబంధం ఖాయం. కాదంటే పొలసరలో ఎరువుల కొట్టున్న కుర్రాడు కాచుక్కూర్చున్నాడు.

ముస్తాబై జాతర వీధిలోకి దిగాను. జనం తప్పుకుని దారిచ్చారు. ఫ్యాషనంటే ఇదీ అనుకున్నాను. ఇంతలో ఒక ముసలమ్మ నా కాళ్లమీద పసుపునీళ్లు కుమ్మరించి దండం పెట్టింది! మా జాతరలో రోగం తగ్గాలనో, కోరిక తీరాలనో అమ్మవారికి మొక్కుకున్నవాళ్లు పులివేషమో మరో వేషమో కట్టి తిరుగుతారు. వాళ్లకి మొక్కితే అమ్మకి మొక్కినట్టే. ఈ సంగతి మేస్త్రికీ నాకూ పుట్టినప్పటి నుంచీ తెలుసు. అయినా ఆ చారలు వేయించేటప్పుడు ఆయనకీ, తొడుక్కునేటప్పుడు నాకూ బుర్ర వెలగలేదు. డప్పులవాళ్లు వెంటపడ్డారు. "ఏటి వేషంరా ఇది?" అన్నాడొకడు. "పులే. గోనెసంచిలో దొరికినట్టుంది" అన్నాడింకొకడు.

సరిగ్గా అప్పుడే ఎదురుపడ్డాడు మావయ్య. మొహం మాడిపోయింది. "ఏ రోగానికి మొక్కినావు అల్లుడూ? మాకు సెప్పకుండా దాసేసినారా?"

ఫ్యాషనంటే పిచ్చోడంటాడు. మొక్కంటే రోగిష్ఠోడంటాడు. ఎలా చూసినా పిల్ల పొలసర పోతుంది. ఇంతలో మావయ్య వెనకే ఉన్న మా మరదలు నన్ను ఎగాదిగా చూసి, నవ్వాపుకుంటూ, "రోగానికి కాదు నాన్నా. నాతో పెళ్లవ్వాలని మొక్కుకున్నాడు. అవునా బావా?" అంది.

"అవును" అన్నాను. అంత తొందరగా నేను దేనికీ ఒప్పుకోలేదు. మావయ్య కళ్లొత్తుకుని అక్కడే ముహూర్తాల మాట ఎత్తాడు.

ఎందుకు కాపాడావే అని ఇప్పటికీ అడుగుతుంటాను. "పొలసరోడు ఇస్త్రీ బట్టలేసుకుని వచ్చి సూసెల్లిపోనాడు. నాకోసం ఊరి నడివీధిలో నవ్వులపాలైనోడివి నువ్వొక్కడివే" అంటుంది. నిజానికి నవ్వులపాలవుతున్నానని ఆ బెల్‌బాటం కుర్రాడికి తెలిస్తేగా! కాలరెత్తి, రొమ్ము విరిచి, పసుపునీళ్లు పడేదాకా ఆ వీధిలో ఎంత ఠీవిగా నడిచాడో, వెధవ!