సుగుణమ్మ సిస్టర్ ఒప్పుకున్న తప్పు

సుగుణమ్మ సిస్టర్ చరిత్ర ఒక మహాకావ్యానికి తగిన వస్తువు. ధీరోదాత్త నాయిక, పురవర్ణన, మంత్రాంగం, ద్రోహం, యుద్ధం అన్నీ ఇందులో ఉన్నాయని ఘనంగా మొదలుపెడదామనుకున్నాను. తీరా కూర్చున్నాక తేలిందేమిటంటే, పురం తార్నాక, మంత్రాంగం వృద్ధాశ్రమం కమిటీ మీటింగు, యుద్ధం కామెర్ల టీకా గురించి. ద్రోహి పాత్రకు నేను తప్ప ఎవరూ దొరకలేదు. కనుక ఇది కావ్యం కాదు. పోయిన శుక్రవారం తెల్లవారుజామున, మెట్టుగూడలోని తన ఇంట్లో గుండె ఆగి కన్నుమూసిన ఒక నర్సు గురించి నాలుగు మాటలు.

ఆ వార్త మా హాస్టల్ ఫోనుకు వచ్చింది. తార్నాక వృద్ధాశ్రమం నుంచి అని వాచ్‌మన్ కేకేస్తే, సిస్టరే అయి ఉంటుందని, ముందురోజు ఆశ్రమానికి ఎందుకు రాలేదో చెప్పడానికి ఒక అబద్ధం సిద్ధం చేసుకుంటూ మెట్లు దిగాను. అవతల అక్కడి ఆయా యాదమ్మ. “సిస్టరమ్మ పోయింది” అన్నది. ఎక్కడికి అని అడిగాను. అవతల ఫోను పెట్టేసిన చప్పుడు వినిపించింది. సిద్ధం చేసుకున్న అబద్ధం నోట్లోనే ఉండిపోయింది. ఇప్పటికీ అది ఎవరికి చెప్పాలో తెలియడం లేదు.

ఆవిడను ఎరుగనివారు ఈ యూనివర్సిటీలో తక్కువ. ముప్ఫై ఏళ్లకు పైగా క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో నర్సు. ఎంతటి ప్రకాండ పండితుడైనా ఆవిడ సూది ముందు పసివాడే. గుచ్చడానికి ముందే “అయిపోయింది” అనేది. నమ్మి మనం ఊపిరి వదిలే క్షణంలో గుచ్చేది. ఇంత కరుణార్ద్రమైన మోసాన్ని నేను మరెక్కడా చూడలేదు.

నేను ఎం.ఏ.లో చేరిన ఏడే ఆవిడ రిటైరయ్యే ఏడు. ఒక సెమినార్ తప్పించుకోవడానికి చంకలో ఉల్లిగడ్డ పెట్టుకుని జ్వరం తెచ్చుకుని వెళ్లాను. నుదుటి మీద చెయ్యి వేసి, నిదానంగా, “గడ్డ తీసెయ్యి బిడ్డ, వాసనొస్తున్నది” అన్నది. సర్టిఫికెట్ ఇవ్వలేదు. గింత తెలివి ఉన్నోడు సాయంత్రాలు ఖాళీగా ఉండొద్దని, రిటైరయ్యాక తాను చేరబోయే తార్నాక వృద్ధాశ్రమంలో రిజిస్టర్లు రాసే పని మాత్రం ఇప్పించింది. పరిశోధక విద్యార్థినయ్యాక కూడా నేను చేస్తున్న ఏకైక ఉపయోగకరమైన పని అదే.

ఆశ్రమంలో పందొమ్మిది మంది పెద్దలు, ఆరుగురు ఆయాలు. ఏడు నెలల కిందట ఒక పెద్దాయనకు కామెర్లు వచ్చి రక్తం పరీక్ష చేయిస్తే హెపటైటిస్ బి అని తేలింది. రక్తం ద్వారా అంటుకునే రోగం. గడ్డం గీసే బ్లేడు, పుండు కడిగిన దూది, వాడిన సూది, ఏదైనా చాలు. కమిటీ హుటాహుటిన సమావేశమైంది. కార్యదర్శి శేషగిరిరావు గారు రిటైరైన పెద్ద అధికారి; గుంటూరు నుంచి వచ్చి నలభై ఏళ్లయినా ఆ ఊరి పెద్దరికం తగ్గని మనిషి. ఇప్పుడు టీకా మన హైదరాబాదులోనే తయారవుతోంది కనుక మిగతా పెద్దలందరికీ వేయిద్దామన్నారు.

సిస్టర్ లేచి నిలబడింది. “పుండు కడిగేది యాదమ్మ సార్. బ్లేడు కడిగేది యాదమ్మ. టీకా మటుకు మంచం మీద ఉన్నోళ్లకేనా?”

చివరికి అందరికీ అని తీర్మానించారు. కానీ కమిటీలు ఊరికే ఓడిపోవు. ఆయాల్లో టీకా వద్దన్నవారు ఒకటో తారీకు నుంచి పనిలోకి రానక్కరలేదని ఒక నిబంధన తగిలించారు. పెద్దల్లో ఎవరైనా వద్దంటే మాత్రం వారిని గౌరవపూర్వకంగా కోరాలట. ఒకే రోగానికి రెండు రూళ్లా అని సిస్టర్ అడిగింది. ఆ ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కలేదు. నిబంధన ఎక్కింది. రాసింది నేనే, ముత్యాల్లాంటి అక్షరాలతో.

టీకా పెట్టెలు వచ్చిన రోజు సిస్టర్ కళ్లజోడు విరిగి రిపేరులో ఉంది. పెట్టెలోని ఇంగ్లీషు కాగితం నా చేతికిచ్చి చదివి చెప్పమన్నది. మొదటి డోసు, నెలకు రెండోది, ఆరు నెలలకు మూడోది అన్నంతవరకు చదివాను. మిగతాది చీమల బారులాంటి అచ్చు. దాంట్లో ఏమీ లేదు, రసాయనాల పేర్లు అని చెప్పేశాను. రామాయణంలో మంథర చేసిన పనికి కనీసం ఒక కారణం ఉంది. నాది బద్ధకం.

గణితాచార్యులు సోమయాజులు గారు మంచం మీద ఒక పక్కకు తిరిగి పడుకుని సిద్ధంగా ఉన్నారు. “చేతికి పొడిచేది పసిపిల్లలకమ్మా. అసలైన ఇంజెక్షన్ తుంటికే” అన్నారు. సిస్టర్ కూడా సర్వీసంతా గట్టి మందులన్నీ తుంటికే వేసిన మనిషి. సందేహించలేదు. జబ్బు ఉన్న పెద్దాయన పోను పద్దెనిమిది మందికీ, అయిదుగురు ఆయాలకూ తుంటికే వేసింది. చివర తనకు తానే వేసుకుంది.

ఆరో ఆయా యాదమ్మ ఒప్పుకోలేదు. “మా తమ్మునికి జరమొస్తే ఊర్ల డాక్టరు తుంటికి సూదేసిండు. కాలు పడిపోయింది. ఇయ్యాల్టికీ ఈడ్చుకుంటనే నడుస్తడు. నాకు చేతికెయ్యి సిస్టరమ్మ, ఇగో చాపిన. తుంటికైతే నౌకరి పోయినా సరే.”

గిది చేతికేసే సూది కాదని సిస్టర్ ఎంతగానో నచ్చజెప్పింది. తర్వాత బతిమాలింది. యాదమ్మ అక్కడే, చాపిన చెయ్యి చాపినట్టే నిలబడింది. కార్యదర్శి గారు పేరు రాసుకున్నారు. ఒకటో తారీకు మూడు రోజుల్లో ఉంది. యాదమ్మకు గోల్నాకలో ఒక్క గది, చదువుకుంటున్న ఇద్దరు ఆడపిల్లలు, ఈ జీతం తప్ప మరో ఆధారం లేదు.

ఆ మూడు రోజుల్లో నేను రెండు హాస్యోక్తులు ప్రయత్నించాను. ఎవరూ నవ్వలేదు, న్యాయంగానే. యాదమ్మ రోజూ వచ్చినట్టే వచ్చి, పుండ్లు కడిగినట్టే కడిగి వెళ్లింది. సిస్టర్ రెండుసార్లు కార్యదర్శి గారి గదికి వెళ్లి, రెండుసార్లూ ఖాళీ చేతులతో వచ్చింది. ఒక్కరికి సడలిస్తే ఇక క్రమశిక్షణ ఎక్కడిదని ఆయన వాదన.

మూడో రోజు కళ్లజోడు వచ్చింది. భయమున్నవాళ్లను మినహాయించే మాట ఏదైనా దొరుకుతుందేమోనని ఆవిడ ఆ కాగితం తీసి, వేలు పెట్టి వరస వెంట వరస చదువుకుంటూ పోయింది. నేను ఎదురుగా కూర్చుని ఉన్నాను. ఒక చోట వేలు ఆగింది. చాలాసేపు అక్కడే ఉంది. తర్వాత కాగితం నా వైపు తిప్పింది. వయోజనులకు ఈ టీకా భుజం కండకే వేయాలి, తుంటికి వేయరాదు, వేస్తే సరిగా పనిచేయకపోవచ్చు అని ఉంది. రసాయనాల పేర్లు కావు.

అంటే ఆశ్రమం మొత్తంలో సరైన చోటు చూపించినది యాదమ్మ ఒక్కతే. ఆమెనే రేపు తీసేస్తున్నారు.

చదవంది నేనని చెబుతాను అన్నాను. ఆవిడ కళ్లజోడు తీసి కొంగుతో తుడుచుకుంది. “కాయితం చదవంది నువ్వు. సూది పట్టింది నేను. నువ్వు రిజిస్టర్ పట్టుకొని రా, అంతే” అన్నది.

శేషగిరిరావు గారు అంతా విని తలుపు మూయించారు. ఆయన దుర్మార్గుడు కాడు. పరువు గల మనిషి, అది ఇంకా కష్టం. నెమ్మదిగా, “చూడండి సిస్టర్ గారూ, రెండో డోసు చేతికి వేసేద్దాం. యాదమ్మను కూడా ఉంచేద్దాం. ఇది ఈ గది దాటక్కర్లేదు. మీ పేరూ పోదు, మా పేరూ పోదు. ఎవరికి తెలుస్తుంది?” అన్నారు.

“ఒంటికి తెలుస్తది సార్” అన్నది సిస్టర్.

తర్వాత ఆవిడ గొంతు పెంచకుండానే చెప్పింది. మొదటి డోసు లెక్కలోకి రాదని అందరికీ చెప్పాలి, మళ్లీ మొదటి నుంచి వేయాలి, తప్పు తనది కనుక తనను తీసేసినా సరే, యాదమ్మకు పెట్టిన రూలు మాత్రం ఈ పూటే కొట్టేయాలి. ఆయన చాలాసేపు పెన్ను మూత తీస్తూ పెడుతూ కూర్చున్నారు. చివరికి కొట్టేశారు. ఆవిడ రాజీనామా మాత్రం ఆమోదించలేదు. త్యాగానికి కరిగి కాదు. ఆ జీతానికి మరో నర్సు రాదు.

ఆ సాయంత్రం వరండాలో అందరినీ కూర్చోబెట్టి సిస్టర్ తన తప్పు తానే చెప్పింది. సోమయాజులు గారు చిన్నబుచ్చుకుని, అయితే నా సిద్ధాంతం తప్పన్నమాట అన్నారు. కొత్త పెట్టె వచ్చినరోజు యాదమ్మ అందరికంటే ముందు వచ్చి చెయ్యి చాపింది. “అయిపోయింది” అన్నది సిస్టర్. “ఇంక గుచ్చనే లేదు గదా సిస్టరమ్మ” అన్నది యాదమ్మ. ఆ మోసానికి దొరకని మనిషిని నేను చూసింది అప్పుడే.

కొత్త నిబంధన సిస్టర్ చెబితే నేను రాశాను. పెద్దలకైనా పనివాళ్లకైనా ఒకటే: “వద్దన్న మనిషిని ముందు ఎందుకని అడగవలెను. జవాబు పూర్తిగా వినవలెను.” ఈ రెండో వాక్యం ఆవిడ తన కోసం రాయించుకుందని నాకు తెలుసు. యాదమ్మ చెప్పిన జవాబును ఆ రోజు సగమే విన్నానని ఆవిడ చివరిదాకా అంటూనే ఉంది.

అంత్యక్రియలకు మెట్టుగూడ సందులో నిలబడే చోటు లేదు. ప్రార్థన చదువుతున్నంతసేపూ యాదమ్మ శవపేటిక మీద ఒక చెయ్యి ఆనించి ఉంచింది. శేషగిరిరావు గారు వచ్చి ఆమె పక్కనే నిలబడ్డారు. తప్పు చేయని నర్సులు దొరకవచ్చు. చేసిన తప్పును తన చేతిలోనే పెట్టుకుని, నాలాంటివాణ్ణి వెనక్కి నెట్టి, మూసిన తలుపు తెరుచుకుని బయటికి వచ్చి చెప్పే మనిషి లేని లోటు తీరేది కాదు. ఆ మహనీయురాలికి నా నమస్సులు. ఆవిడ ఉండగా ఒక్కసారీ పెట్టలేదు.

మూడో డోసు వచ్చే మంగళవారం ఉదయం పది గంటలకు. ఆరోగ్య కేంద్రం నుంచి వేరే సిస్టర్ వస్తారు. టీకా ఆఫీసు ఫ్రిజ్‌లో ఉంది. దాని తలుపు ఒక పట్టాన పడదు, మోకాలితో గట్టిగా నెట్టాలి.