లైమ్‌లైట్‌లో మా తోడికోడలు

మా తోడికోడలంటే నాకు అసూయ. ఈ ముక్క ముందే చెప్పేస్తే మిగతాది చెప్పడం తేలిక. ఆమె నాకంటే చిన్నది. డిగ్రీ మధ్యలో మానేసింది. నన్ను నోరారా అక్కా అని పిలుస్తుంది. తప్పుపట్టడానికి ఏమీ దొరకనంత మంచిది, నాకు అదే మరీ కష్టం.

మాది పిడుగురాళ్ల. మామగారి నాటి సున్నపు బట్టీని ఇప్పుడు అన్నదమ్ములిద్దరూ చూసుకుంటున్నారు. నేను ఊళ్ళోనే ఒక ప్రైవేటు స్కూల్లో ఇంగ్లీషు చెబుతాను. ఆమె వంట చేస్తూ ఫోన్లో వీడియో తీసి యూట్యూబ్‌లో పెడుతుంది. “ఏందబ్బా, గోంగూర ఇట్టా కూడా చేస్తారా అనుకుంటున్నారా?” అని మొదలుపెట్టిందంటే ఎక్కడెక్కడివాళ్ళో కళ్ళప్పగించి చూస్తారు. ఆ గోంగూర ఆమెకు నేర్పింది నేనే. కాపురానికి వచ్చిన కొత్తలో అన్నం వార్చడం కూడా వచ్చేది కాదు.

ఇంటికి ఎవరొచ్చినా మా అత్తయ్య ముందు ఫోన్ తీసి చిన్నకోడల్ని చూపిస్తుంది. నా సంగతి అడిగితే, “పెద్దది బళ్ళో చెబుతదిలే,” అని ఒక్క ముక్కలో తేల్చేస్తుంది. సరే, ఇల్లు మా తోడికోడలికే వదిలేశాను. నాకు బడి ఉంది. ఆ గేటు దాటితే నేనెవరి తోడికోడలినీ కాను, మేడంని. వరండాలో నన్ను చూసి పిల్లలు అల్లరి ఆపి సర్దుకుంటారు. నాకంటూ ఉన్న చోటు అదొక్కటే.

అలాంటిది ఒకరోజు మా కరస్పాండెంటుగారు నన్ను పిలిచి, “మేడం, ఈసారి యానివర్సరీకి మీ తోడికోడలుగారినే చీఫ్ గెస్టుగా పిలుద్దాం. పిల్లలు ఒకటే గొడవ. పరిచయం మీరే చెయ్యాలి,” అన్నారు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. ఆమె ఇల్లు గెలిచింది, నిజమే. గెలవడానికి నా రచ్చే దొరికిందా? నవ్వుతూ సరేనన్నాను గానీ లోపల ఒళ్ళు మండిపోయింది.

పరిచయం ఇంగ్లీషులోనే రాశాను. కనీసం అది ఆమెకు అర్థం కాకూడదని. సాయంత్రం వంటింట్లో అది చదివి వినిపించమని కూర్చుంది. ‘ఆల్వేస్ ఇన్ ద లైమ్‌లైట్’ అన్న చోట ఆపింది.

“లైమ్‌లైట్ అంటే మన బట్టీ ఎలుగా అక్కా?”

పక్కున నవ్వాను. మరో ఊరివాళ్ళయితే నిమ్మకాయ అనేవాళ్ళు. మా దగ్గర లైమ్ అంటే సున్నమే. బోర్డుల మీదా, బిల్లుల మీదా రోజూ కనబడే మాట అది. నవ్వడమైతే నవ్వాను గానీ, ఆమె అన్నది ముప్పాతిక వంతు నిజం. చెప్పక తప్పలేదు.

“ఎలుగు సున్నానిదే. కరెంటు రాకముందు ఇంగ్లండులో నాటకాలాడేటప్పుడు రెండు గ్యాసులు కలిపి మండించి, ఆ మంట సున్నపు గడ్డకు తగిలించేవాళ్ళు. అది కాలి తెల్లగా, కళ్ళు చెదిరేటట్టు వెలిగేది. ఆ వెలుగు స్టేజీ మీద ఎవరి మీద పడితే వాళ్ళు లైమ్‌లైట్‌లో ఉన్నట్టు. అది పక్కకు తిప్పితే వాళ్ళెవరో ఎవరికీ పట్టదు.”

ఆ చివరి వాక్యం ఆమెకు తగలాలనే అన్నాను. తగల్లేదు.

“మరి ఆ గడ్డ దగ్గర ఎవరుండేవాళ్ళు?”

“ఉంటాడొకడు, చీకట్లో. ఒకేచోట కాలి గుంటపడకుండా గడ్డను తిప్పుతూ ఉండాలి. వాణ్ణి ఎవరూ చూడరు.”

“పాపం,” అంది ఆమె, నా వంక చూస్తూ. ఆ పాపం ఎవరి గురించో నేను అడగలేదు.

యానివర్సరీ రోజున నా ఇంగ్లీషు పరిచయం ఎవరి చెవికీ ఎక్కలేదు. ఆమె మైకు పట్టుకోగానే ఈలలు. వంటల గురించి చెబుతుందనుకున్నాను. లైమ్‌లైట్ గురించి మొదలుపెట్టింది.

“ఒరేయ్, పెద్దోళ్ళయి మీరు పేరు తెచ్చుకుంటే లైమ్‌లైట్‌లో ఉన్నారంటారు చూడు, ఆ లైమ్ ఏందనుకున్నారు? మీ అమ్మా నాయినా బట్టీ కాడ కాలుస్తారే, ఆ సున్నమేరా!”

పిల్లలు ఎగిరి గంతేశారు. మా బళ్ళో సగం మంది బట్టీలవాళ్ళ పిల్లలే. ఆ మాట వాళ్ళకు నేను ఏటా చెబుతూనే ఉన్నాను: లైమ్‌లైట్, అనగా ప్రజల దృష్టిలో ఉండుట. వాళ్ళు బట్టీపట్టారు, మార్కులు తెచ్చుకున్నారు. ఇలా ఒక్కసారీ గెంతలేదు.

అక్కడితో ఆగినా బాగుండేది. నా మాట కాజేసిందని జీవితాంతం హాయిగా తిట్టుకునేదాన్ని. ఆమె ఆగలేదు.

“ఇదంతా నా తెలివనుకునేరు! మా అక్క చెప్పింది. మీ మేడమే. లెగు అక్కా! కొట్టండ్రా చప్పట్లు!”

లేచి నిలబడ్డాను. నా బళ్ళో, నా పిల్లలు, నాకు చప్పట్లు కొట్టారు. ఆమె కొట్టమంటే కొట్టారు. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. సంతోషమనుకున్నారు అందరూ. పక్కనే కరస్పాండెంటుగారు, “ఇన్నాళ్ళూ మాకెవరికీ చెప్పలేదేం మేడం?” అన్నారు.

ఆటోలో ఇంటికి వస్తుంటే ఆమె నా చేయి పట్టుకుంది.

“అక్కా, మాచర్లలో కూడా ఓ బడివాళ్ళు పిలిచారు. చానా బాగుంది ఈ మాట. ఇట్టాంటిది ఇంకోటి చెప్పవా?”

నాలుక చివర ఎన్నో ఉన్నాయి. ఇన్నేళ్ళ చదువంతా అక్కడే ఉంది.

“నాకింకేం రావు,” అన్నాను.

ఆమె నమ్మేసింది.

“పోన్లే అక్కా, ఫోన్లో చూసుకుంటాలే,” అంది.