మట్టి రోడ్డు మీద నా వంతు

మా ఆయన కొన్న బండికి ఎడారులు దాటే శక్తి ఉందట. శాంటా క్లారాలో అది ఇంటికొచ్చిన నాటి నుంచీ దాటినవి గుడి ముందు స్పీడ్ బ్రేకరూ, ఇండియన్ స్టోర్ పార్కింగ్‌లో ఒక గుంతా. అయినా శనివారం వచ్చిందంటే సోఫాలో కాళ్ళు చాపుకుని, ఎవరెవరో కొండల మీద బండ్లు నడిపే వీడియోలు చూస్తూ, "వీడికి లైన్ తీసుకోవడం రాదు, చక్రం ఎక్కడ పెట్టాలో తెలీదు" అని తీర్పులు చెప్పేవాడు. చూసి చూసి నాకు ఒళ్ళు మండిపోయింది. ఈ పుట్టినరోజుకి నగలూ వద్దు, చీరలూ వద్దు, నెవాడాలో పాత వెండి గనుల దాకా పోయే మట్టి రోడ్డుందట, దాని మీద ఈ బండి నేను నడపాలి అన్నాను.

"ఓస్, అంతేనా! నడుపు," అన్నాడు, ఏదో రాజ్యం రాసిచ్చినట్టు.

బయల్దేరిన రోజు స్టీరింగ్ ముందు తనే కూర్చున్నాడు. సిటీ ట్రాఫిక్ దాటనీ అన్నాడు. దాటింది. గ్యాస్ పోయించాక ఇస్తా అన్నాడు. పోయించాడు. కొండల్లో గాలి ఎక్కువగా ఉంది, దిగాక చూద్దాం అన్నాడు. రోజూ ఫ్రీవే మీద ఆఫీస్‌కి వెళ్ళొచ్చేదాన్ని నేను, కానీ ఆయనగారి లెక్కలో అది డ్రైవింగ్ కాదు. పక్కన తను కూర్చుంటే లేని బ్రేకుని కాలితో తొక్కుతూనే ఉంటాడు, ఆ తొక్కుడుకి ఫ్లోర్ మ్యాట్ ఒక మూల అరిగిపోయింది.

"నాన్నా, లాస్ట్ స్టాప్‌లో కూడా అదే చెప్పావ్," అంది వెనక నుంచి మా అమ్మాయి. పదహారేళ్ళది, ఇక్కడే పుట్టింది, ఇచ్చిన మాట తప్పితే ఊరుకోదు. "ఇట్స్ అమ్మా'స్ టర్న్."

"వాడు తోలుతాళ్ళేవే," అంది వెనక దాని పక్కనున్న మా అత్తయ్య. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చింది. పులిహోర డబ్బాకీ, రైస్ కుక్కర్‌కీ మధ్య ఇరుక్కుని కూర్చుంది. "ఆడమనిషికి ఈ ఎండలో ఎందుకమ్మా తిప్పలు?" కారులో ఏసీ ఉంది. ఎండ ఎవరికి తగులుతోందో ఆవిడకే తెలియాలి.

చివరికి మట్టి రోడ్డు రానే వచ్చింది. "ఏమండీ, ఆపండి, ఇక నేను నడుపుతా," అన్నాను. అత్తయ్య ఉంటే మీరూ, ఏమండీ. లేకపోతే మా ఇద్దరి మధ్యా అవన్నీ ఏం లేవు.

"ఇది నీ వల్ల కాదు. ఇది టెక్నికల్ రోడ్," అన్నాడు.

టెక్నికల్ అట! వీడియోలో విన్న మాట. మనిషి చేసిందల్లా రోడ్డు మీది గతుకులన్నీ వెతికి వెతికి ఎక్కించడమే. రేకుల కప్పు మీద పోతున్నట్టు బండి కటకటలాడింది, మాట్లాడితే నాలుక పళ్ళ మధ్య పడేలా ఉంది. దుమ్ము లేచి వెనక అద్దాన్ని కప్పేసింది. అయినా ఉపన్యాసం ఆగలేదు. స్పీడ్ ఎంత ఉండాలి, టైర్లలో గాలి ఎంత ఉండాలి, ఆడవాళ్ళకి కొండ రోడ్ల మీద జడ్జిమెంట్ ఎందుకు తక్కువ. నా పుట్టినరోజు, నేను అడిగిన రోడ్డు. కిటికీలోంచి చూస్తుంటే ఏడుపొచ్చింది. ఏడవలేదు, ఆ ముచ్చట కూడా ఆయనకెందుకు తీర్చాలి?

కొండ ఎక్కి అటువైపు దిగుతున్నాం. బండి పట్టేంత దారే ఉంది. ఆయన వైపు కొండ, నా వైపు లోయ. సరిగ్గా అక్కడే కింది నుంచి ఒక పికప్ ట్రక్కు, వెనక ట్రైలర్ లాక్కుంటూ ఎదురొచ్చింది. అందులోంచి ఒక ముసలాయన తల బయటపెట్టి, ట్రైలర్‌తో తాను వెనక్కి పోలేననీ, మా వెనక మలుపులో చోటుందనీ, కాస్త రివర్స్ చేయమనీ మర్యాదగా అడిగాడు.

"ష్యూర్, ష్యూర్," అన్నాడు మా ఆయన. రివర్స్ గేర్ వేసి స్క్రీన్ వైపు చూశాడు. వెనక కెమెరా నిండా దుమ్ము. స్క్రీన్ మొత్తం గోధుమరంగు. "కెమెరా వర్క్ అవట్లేదు," అన్నాడు. ఆడలేక మద్దెల ఓడు! చెయ్యి గేర్ మీదే బిగుసుకుపోయింది. బండి ఒకసారి లోయ వైపు కదిలింది, ఠక్కున బ్రేక్ వేశాడు. వెనక అత్తయ్య రామ రామ అంటూ పులిహోర డబ్బాని వాటేసుకుంది.

"దిగండి," అన్నాను.

"నేను బయట నుంచి గైడ్ చేస్తా," అని దిగాడు, ఎంత పరువుగానో! నా వైపు తలుపు తీస్తే లోయే కాబట్టి మధ్యలోంచి పాక్కుంటూ అటు వెళ్ళి కూర్చున్నాను. హైదరాబాదులో మా ఇల్లు సందు చివర. కారు తిప్పే చోటుండేది కాదు. మా నాన్న పాత మారుతిని రోజూ పొద్దున్నే పాలబండ్ల మధ్య నుంచి వెనక్కి నడిపి మెయిన్ రోడ్డు ఎక్కించింది నేనే. కిటికీలోంచి తల బయటపెట్టి, కొండనే చూసుకుంటూ మెల్లగా వెనక్కి పోనిచ్చాను. ఆయన కొండని ఆనుకుని నడుస్తూ, నేను స్టీరింగ్ తిప్పాక "తిప్పు" అనీ, ఆపాక "ఆపు" అనీ చేతులూపాడు.

మలుపులో చోటు దొరికింది. ట్రక్కు పక్క నుంచి దాటుతూ ముసలాయన బొటనవేలు ఎత్తి చూపించాడు, నాకు కాదు, మా ఆయనకి. ఈయన తలూపి స్వీకరించాడు! చూడండి సిగ్గు! ఆపైన నడిచొచ్చి నా తలుపు మీద తట్టి, "సరే, ఇక దిగు, నేను తీసుకుంటా," అన్నాడు.

నేను తలుపు లాక్ చేశాను. నా గుండె అప్పుడు కొట్టుకున్నట్టు లోయ పక్కన కూడా కొట్టుకోలేదు. వెనక తలుపు తెరుచుకుంది. అయిపోయింది, అత్తయ్య కొడుకుని వెనకేసుకొస్తుంది అనుకున్నాను. ఆవిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని, బండి చుట్టూ తిరిగి వచ్చి, నా పక్క సీట్లో ఎక్కి కూర్చుంది. బెల్టు కోసం తడుముకుంటుంటే పెట్టాను.

"పోనియ్యమ్మా," అంది నాతో.

"అమ్మా, మరి నేను?" అన్నాడు మా ఆయన, కిటికీ దగ్గర నిలబడి.

"వెనకెక్కరా. నేను యాభై ఏళ్ళు కూర్చోలా? చచ్చిపోయానా?"