పేరు లేని బ్రేకు డ్రమ్ము

నా చిన్నప్పుడు, నాకు పదకొండేళ్లు నిండిన వేసవిలో, మా తాతయ్య కారు వెనక చక్రంలో బ్రేకు డ్రమ్ము పగిలింది. తక్కిన సంగతులన్నీ ఏనాటివి ఆనాడే రాసి పెట్టుకునే అలవాటున్న దాన్ని, దీన్ని మాత్రం ఇన్నేళ్లుగా కాగితం మీద పెట్టలేకపోయాను.

ఆ కారు దొరల కాలం నాటిది. తాతయ్య బడిపంతులుగా రిటైరయ్యేనాటికే దానికి వయసు మీరిపోయింది. డ్రమ్ము అంటే చక్రంతో పాటు తిరిగే ఇనుప గిన్నె. బ్రేకు తొక్కితే లోపలి పట్టీలు దాని గోడను ఒరుసుకుని బండిని ఆపుతాయి. మూడు చక్రాలకు నున్నటి డ్రమ్ములే ఉన్నాయి. ఈ నాలుగోదానికి మాత్రం కొబ్బరి మాను మీది గాట్లలా చుట్టూ వరసగా గట్లున్నాయి. దాని మీద కంపెనీ పేరు గానీ అంకె గానీ లేదు. బొమ్మ గీసి మద్రాసు దుకాణానికి పంపితే, ఇది మీ కారుది కాదు, ఏ బండిదో తెలియజేస్తే వెతికి పంపగలం అని జవాబు వచ్చింది. బడులు తెరిచే లోపు కారు కదలకపోతే పాత ఇనుముకు ఇచ్చేస్తానని నాన్నగారు తేల్చి చెప్పేశారు. తాతయ్య మాత్రం కదలని కారును రోజూ గుడ్డతో తుడుస్తూనే ఉన్నారు.

ఆ డ్రమ్మును ఎప్పుడో ఏ బండి నుంచో తీసి మా కారుకు బిగించింది కార్లు బాగుచేసే అమలాపురం మేస్త్రీ గారు. సుత్తితో ఒక్కసారి తట్టి, ఆ చప్పుడును బట్టి డ్రమ్ము ఏ బండిదో చెప్పగలరని ఆయనకు పేరు. ఆయన నోట కంపెనీ పేర్లు వచ్చేవి కావు. బండి ఎవరిదైతే అదే దాని పేరు: మిల్లువారిది, డాక్టరు గారిది, ప్లీడరు గారిది. ఆ వేసవికి ముందు మాఘమాసంలో ఆయనకు పక్షవాతం వచ్చింది.

గోనెసంచిలో డ్రమ్ము పెట్టుకుని తాతయ్యా నేనూ బస్సులో వెళ్లాం. మేస్త్రీ గారు షెడ్డు ముందు నులకమంచం మీద ఉన్నారు. కుడిచెయ్యి చచ్చుబడింది. వెనక గోడకు ముప్పై దాకా డ్రమ్ములు తీగలతో వేలాడుతున్నాయి. ఒక్కదాని మీదా సుద్దగీత కూడా లేదు.

"ఇది మండపేట మిల్లువారి బండిదేనా, మేస్త్రీ?"

"ఆయ్."

ఔనన్న ఆ మాటకు తాతయ్య ముఖం విప్పారింది. మర్నాడే మండపేట వెళ్లారు. మిల్లువారు మర్యాదగా చక్రాలు విప్పించి చూపించారట. నాలుగూ నున్నటివే, కొన్ననాటి నుంచీ ఎవరూ మార్చనివే.

మళ్లీ అమలాపురం వెళ్లాం. రాజోలు డాక్టరు గారిదా అంటే ఆయ్. మిలిటరీ వాళ్లు వేలం వేసిన జీపుదా అంటే ఆయ్. తాతయ్య గొంతు మార్చకుండా అడిగారు.

"పోనీ, మా పాలేరు ఎద్దుబండిదా?"

"ఆయ్."

నేను ఫక్కున నవ్వాను. మేస్త్రీ గారి కళ్ల వెంట నీళ్లు కారాయి. లోపల అన్నీ తెలుస్తూనే ఉన్న మనిషి ఎదుట నవ్వానని నాకప్పుడు అర్థమైంది.

లోపలి నుంచి ఆయన భార్య వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడ్డారు. "నోట్లో ఆ ఒక్క మాటే మిగిలిందండి, మాస్టారండీ. అన్నం పెట్టనా అన్నా అదే, ఇంక చాలా అన్నా అదే. ముందే చెబితే మీరు కూడా రావడం మానేస్తారని చెప్పలేదండి."

తాతయ్య కోప్పడలేదు. సుత్తి తెచ్చి మేస్త్రీ గారి ఎడమచేతిలో పెట్టారు. "ఇంక అడగనులే. నువ్వే చెప్పు," అన్నారు.

మేస్త్రీ గారు డ్రమ్మును తట్టారు. పగిలినది కాబట్టి బొంగురుగా పలికింది. బొటనవేలితో గట్లన్నీ ఒక్కొక్కటే తడిమారు. ఆ పైన చెయ్యెత్తి పడమటికి చూపించారు. మంచం అటూ ఇటూ తిప్పి చూశాం. చెయ్యి పడమటికే వెళ్లింది. ఏ ఊరని అడిగితే మళ్లీ ఆ మాటే. నా పెన్సిలు ఇస్తే, అక్షరం ఎరగని ఆ ఎడమచెయ్యి నా నోటుపుస్తకంలో ఒక్క వంకర గీత గీసి ఆగిపోయింది.

తిరుగు బస్సులో తాతయ్య కాలవ వంతెన దాటాక అన్నారు. "జీవితమంతా అక్షరాలు నేర్పేనమ్మలూ. ఆ షెడ్డులో కూర్చుని ఎన్ని కాఫీలు తాగేనో లెక్కలేదు. నువ్వు చెప్పు మేస్త్రీ, నేను రాస్తానని ఒక్కసారీ అనలేకపోయేను."

పడమటి ఊళ్లలో కార్లున్న వాళ్లందరికీ కార్డులు రాశారు. వచ్చిన జవాబులన్నిటిలోనూ తెలియదనే ఉంది. బడులు తెరిచారు. నాన్నగారు మాట మీద నిలబడ్డారు. కారును తాళ్లు కట్టి లారీ ఎక్కించారు. కార్తీకంలో మేస్త్రీ గారు పోయారు. గోడ మీది డ్రమ్ములన్నీ ఒకే కాటాలో తూగి వెళ్లిపోయాయని తర్వాత విన్నాం.

ఇది నాకు ఈనాటికీ మింగుడు పడదు. చదువురానివాడు రాయలేదంటే అర్థముంది. చదువుకున్నవాళ్లం అంతమందిమి ఆ షెడ్డుకు వెళుతూ, ఆయన చెబుతుంటే ముచ్చటపడి వింటూ, కలం మాత్రం జేబులోనే ఉంచుకున్నాం. ఎవరి మీద కోప్పడాలి? తాతయ్య మీద కోపం రాదు. నాన్నగారి మీద ఒకప్పుడు వచ్చేది, ఇప్పుడు లేదు. కోపం మాత్రం అలాగే ఉంది.

అప్పటి నుంచీ పడవ కట్టేవారు కనిపించినా, మూలికలిచ్చే ముసలమ్మ కనిపించినా, ముందు కూర్చుని అడుగుతాను, వాళ్లు చెప్పింది చెప్పినట్టు రాసుకుంటాను. విసుక్కున్నవాళ్లూ ఉన్నారు. అలా రాసిన పుస్తకాలు ఇప్పుడు ఒక బీరువాకు సరిపడా అయ్యాయి. ఆ పడమటి దిక్కున ఎవరి కారు ఉండేదో మాత్రం వాటిలో ఎక్కడా లేదు.